మనోరమమ్మ సీటు

శామీర్‌పేట జనార్ధన్ పటేలుకు ఒక ఎర్ర కారు ఉండేది. పైన కప్పు ఉండదు, లోపల ఇద్దరికే చోటు. ఆ రెండు సీట్లలో ఒకటి ఏడాదిగా ఖాళీగా ఉంటోంది. ఊరివాళ్లు నవ్వుకునేది ఆ సీటు గురించే.

ఇంగ్లండులో చేసిన బండి అది. సికింద్రాబాద్‌లో ఒక పాత బంగళాను కూలగొడుతుంటే, వెనుక రేకుల షెడ్డులో కోళ్లు గుడ్లు పెడుతున్న ఆ బండిని పటేలు చూశాడు. చూసి అక్కడే ఆగిపోయాడు. చిన్నప్పుడు ఆయన చెరువు కట్ట మీద బర్రెలు మేపుతుంటే ఇలాంటి కారే ఒకటి వచ్చి ఆగిందట. అందులోంచి భార్యాభర్తలిద్దరు దిగి, నీళ్లు చూసుకుంటూ చాయ తాగి వెళ్లిపోయారట. "నేను గూడ పెద్దయినంక నా పెండ్లాన్ని గిట్లనే కట్టమీద తిప్పుత" అని ఆయన పక్కనున్న బర్రెకు మాట ఇచ్చాడట. భూముల ధరలు పెరిగి చేతికి నాలుగు పైసలు రాగానే ఆ మాట నిలబెట్టుకున్నాడు. కానీ ఒక్క రోజే నిలబడింది.

ఆ రోజు ఆదివారం. మనోరమమ్మ పట్టుచీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని ఎక్కింది. కట్ట నడుమకు వచ్చేసరికి పాత ఇనుప రిమ్ము బోల్టుల దగ్గర పగిలింది. చక్రం ఒరిగింది. నాగలి లాగనని మొండికేసిన ఎద్దులా బండి రోడ్డు మీద కూలబడింది. చెరువు చూడటానికి వచ్చిన జనమంతా చుట్టూ మూగారు. మనోరమమ్మ దిగి, కొంగు తలమీదికి లాక్కుని, ఎండలో ఇంటిదాకా నడిచింది. దారి పొడుగునా ఎదురైన ప్రతివాళ్లూ "ఏందమ్మా, కారెక్కి పోయి కాళ్ల మీద వస్తున్నవ్?" అని అడిగినవాళ్లే.

ఇల్లు చేరగానే ఆమె ఒకే మాట అన్నది. "మీ బండి సక్కగ అయ్యి, పూజ జేయించి, నిమ్మకాయలు తొక్కించి, నన్ను మర్యాదగ పిలిస్తెనె ఎక్కుత. లేకుంటె లే."

పగిలిన రిమ్ముకు రెండుసార్లు వెల్డింగు పెట్టించినా నిలవలేదు. మిగతా మూడు రిమ్ములకూ బోల్టు కన్నాలు అరిగి కోడిగుడ్ల ఆకారంలోకి వచ్చాయి. అలాంటివే మళ్లీ దొరుకుతాయా అంటే ఎక్కడా లేవు. ఇంతలో కొంపల్లిలో విల్లా కట్టుకున్న ఒకాయన బండిని చూసి, ఇస్తారా అని అడిగాడు. అప్పుడు పటేలు మేడ్చల్ వచ్చి, రోడ్డు పక్క టైర్ల దుకాణం ముందు నిలబడ్డాడు.

ఆ దుకాణం సిద్దయ్యది. టైర్లు విప్పడం, ఎక్కించడం, వంగిన రిమ్ములు సాపు చేయడం ఆయన పని. కూతురు సుచిత్ర పదో తరగతి పరీక్షలు రాసి, సెలవులకు దుకాణంలో పానాలు అందిస్తోంది. ఆ పిల్ల మాట వినాలంటే చెవిని ఆమె నోటి దగ్గరికి తీసుకుపోవాలని వచ్చేపోయేవాళ్లు అనేవారు. మనుషులు మాట్లాడిస్తే చూపులు నేలమీదికి పోయేవి. చక్రాల దగ్గర మాత్రం ఆ చూపులు ఎటూ కదిలేవి కావు.

"సిద్దయ్యా, వైశాఖంల మా పెండ్లిరోజు. గా రోజె బండికి పూజ" అన్నాడు పటేలు. "అప్పటికి మంచి అల్లాయ్ రిమ్ములు దొర్కాలె. ఈసారి గూడ మా ఆమె ఎక్కకపోతె, పూజనాడు పగటీలి కొంపల్లాయనను రమ్మన్న. తాళంచెయ్యి ఆయన చేతుల వెడ్త. గ్యారేజిల పెట్టుకొని ఒక్కన్ని సూస్తె కడుపు నిండుతదా?"

సుచిత్ర తలెత్తలేదు గానీ చేతిలో పానా ఆగిపోయింది. వెల్డింగుకని ఆ బండి రెండుసార్లు దుకాణానికి వచ్చింది. దాని ముందు దీపాలు కళ్లు పెద్దవి చేసుకుని చూసే లేగదూడలా ఉంటాయని ఆమెకు ఇష్టం. అది పోతే ఇక కనిపించదు.

మరునాడే తండ్రీ కూతుళ్లు శామీర్‌పేట వెళ్లి కొలతలు మొదలుపెట్టారు. సిద్దయ్య చక్రం విప్పి, బోల్టుల కొసలకు గ్రీజు పూసి, టీవీ డబ్బా అట్టను వాటికి అదిమాడు. అట్టమీద నాలుగు నల్లటి గుండ్రాలు పడ్డాయి. ఎదురెదురు గుండ్రాల నడుమ కొలిస్తే నాలుగున్నర అంగుళాలు. సుచిత్ర ఆ గుండ్రాలను బ్లేడుతో కోసి, మధ్యలో ఇరుసు కొసనున్న హబ్బు పట్టేంత కన్నం చేసింది. ఆ అట్టముక్క ఏ రిమ్ముకు సరిగ్గా కూర్చుంటే అది ఈ బండికి పడుతుంది.

అట్టముక్క తీసుకుని ముగ్గురూ పటేలు జీపులో గాజులరామారం వెళ్లారు. అక్కడ వీరేందర్ అనే అతనికి పాత సామాన్ల గోదాం ఉంది. కొత్త డిజైన్లు వేయించుకున్నవాళ్లు విప్పేసిన రిమ్ములన్నీ అక్కడికే చేరతాయి. పళ్లేలు బోర్లించినట్టు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి.

పటేలు పోగానే ఒకదాని మీద చెయ్యి వేశాడు. "ఇగో సూడు సిద్దయ్యా! బతుకమ్మ మీది పువ్వు లెక్క లేదా?"

సుచిత్ర వెళ్లి అట్ట పెట్టి చూసింది. "ఐదు" అంది.

"ఏం ఐదు బిడ్డా?"

"ఐదు కన్నాలున్నయి పటేలా. మనయి నాలుగు బోల్టులు" అని కూతురు మింగేసిన మాటను సిద్దయ్య పూర్తి చేశాడు.

"ఒక్కటి ఎక్కువుంటె నష్టమేంది?"

"కాళ్లు రెండే ఉంటే మూడు చెప్పులు ఏసుకుంటవా పటేలా?" అన్నాడు వీరేందర్ అటునుంచి. పటేలు నవ్వి ఆ పువ్వును వదిలేశాడు.

పొద్దంతా వెతికితే అట్ట సరిగ్గా కూర్చున్నవి, నాలుగేసి రిమ్ములున్నవి, రెండు జతలే తేలాయి. ఒకటి వెడల్పుది. అద్దంలా మెరుస్తోంది, పటేలు మీసాలు అందులో కనిపిస్తున్నాయి. రెండోది సన్నది, ఎనిమిది పుల్లలది. రంగు మాసి, చారు కాచిన గిన్నె అడుగులా ఉంది.

సుచిత్ర రెండింటినీ బోర్లించి, వెనుకవైపు అంచుల మీద ఒక కర్ర అడ్డంగా పెట్టింది. కర్ర నుంచి మధ్య పళ్లెం దాకా ఎంత లోతుందో సైకిలు పుల్లతో చూసింది. కారుకు బిగించేది ఆ పళ్లెమే. అది కర్రకు ఎంత దగ్గరగా ఉంటే టైరు అంత బయటికి పొడుచుకొస్తుంది. వెడల్పు రిమ్ములో పళ్లెం కర్రకు మరీ దగ్గరగా ఉంది. ఆమె తండ్రి చెవిలో ఏదో చెప్పింది.

"జరంత బయటికొస్తది పటేలా" అన్నాడు సిద్దయ్య. "మడ్‌గార్డుకు రాసుకుంటదేమో. ఆ సన్నయి అయితె ఫికర్ ఉండది."

"గా మసిగిన్నెలు ఏసుకొని పెండ్లిరోజు తిరుగుమంటవా? తగుల్తదో లేదో ఏసి సూద్దం."

సుచిత్ర మళ్లీ తండ్రి చెవి దగ్గరికి వంగింది.

"ఏమంటాంది బిడ్డ?"

"రెండు జతలు దీస్కవోదం అంటాంది."

పటేలు పొట్ట పట్టుకుని నవ్వాడు. "చీరల దుకాణంకెల్లి రెండు చీరలు ఇంటికి దెచ్చి, ఒకటి వాపస్ ఇచ్చినట్టా? మా ఆమె గూడ గిదే తీరు. పట్టుండ్రి, రెండు జీపుల ఎయ్యుండ్రి!"

శామీర్‌పేటలో పటేలు ఇంటి వాకిట్లో మెరిసే జత ఎక్కించారు. నిజం చెప్పాలంటే బండికి కొత్త కళ వచ్చింది. టైరుకూ మడ్‌గార్డు అంచుకూ నడుమ సిద్దయ్య వేలు పెట్టి చూశాడు. వేలు దూరింది. పటేలు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అప్పుడూ దూరింది. పక్క సీట్లో కూడా ఒకరు కూర్చుంటే తెలుస్తుందని సుచిత్ర చేతులు తుడుచుకుని అటువైపు వెళ్లింది. ఆ సీటు మీద ఉతికిన తెల్ల తువ్వాలు పరిచి, చుట్టూ చెక్కి ఉంది. ఆమె ఒక కాలు లోపల పెట్టిందో లేదో, పటేలు నిప్పు తొక్కినట్టు అరిచాడు.

"ఆ సీట్ల వద్దు బిడ్డా! అది మా ఆమెది. ఆమె గూసున్నంకనె ఎవరన్న!"

సుచిత్ర కాలు వెనక్కి తీసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. పటేలు ఒక్కడే కట్ట మీద ఒక చుట్టు తిరిగి వచ్చి, ఎక్కడా రాసుకోలేదని చెప్పాడు. మెరిసే జత ఖాయమైంది. మసిగిన్నెల జత కొట్టంలో గడ్డి పక్కన చేరింది.

పూజ నాడు పొద్దున్నే వాకిలి నిండా జనం. పంతులు గారు వచ్చారు. బండికి బంతిపూల దండలు వేశారు. మనోరమమ్మ గడప దాటి వచ్చింది. పెద్ద మనిషి, పెద్ద గొంతు, పెద్ద బొట్టు. అదే పట్టుచీర మళ్లీ కట్టింది. వాకిట్లో ఓ మూల నిలబడ్డ సుచిత్రను చూసి, "ఏ పిల్లా, ఊకె నిలవడ్డవేంది? చక్రాలకు పసుపు పెట్టు" అని పసుపు గిన్నె చేతికిచ్చింది.

ఎవరి కళ్లూ పడని చోటు వెనుక చక్రాలే కాబట్టి సుచిత్ర అక్కడే మొదలుపెట్టింది. పండగ గడపకు పూసినట్టు మడ్‌గార్డు అంచులకు పైనా, లోపలా చిక్కగా పసుపు పూసి, మీద కుంకుమ బొట్లు పెట్టింది. ముందు చక్రాలకూ అలాగే పూసింది. పంతులు మంత్రం చదివాడు. గుమ్మడికాయ పగిలింది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు.

పటేలు వంగి, తన చేత్తోనే తెల్ల తువ్వాలు తీసేసి, "రా మనోరమా" అన్నాడు. అంతమందిలో పేరుపెట్టి పిలిచినందుకు ఆడవాళ్లు మూతులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మనోరమమ్మ ఎక్కి కూర్చుంది. బండి ఆమె వైపు కొంచెం ఒరిగి సర్దుకుంది. పటేలు బండి కదిపాడు. నిమ్మకాయలు చిట్లాయి. గేటు దగ్గరి దిమ్మ ఎక్కి దిగేటప్పుడు బండి ఒకసారి ఊగింది. గేటు దాటి ఆగింది.

"నల్లద్దాలు మర్సిపోయిన! ఒక్క నిమిషం" అంటూ పటేలు దిగి ఇంట్లోకి పరిగెత్తాడు.

అప్పుడు సుచిత్ర చూసింది. ఎడమవైపు వెనుక టైరు భుజం మీద పచ్చటి చార ఒకటి చంద్రవంకలా పడి ఉంది. మడ్‌గార్డు లోపలి పసుపు అక్కడ చెరిగిపోయి ఇనుము కనిపిస్తోంది. కుడివైపు చూసింది. అక్కడ పసుపు పూసినది పూసినట్టే ఉంది.

 వాకిట్లోనే ఇంత రాసుకుంటే, కట్ట మీది గుంతల్లో అంచు టైరును కోసేస్తుంది. మళ్లీ అదే కట్ట, మళ్లీ జనం, మళ్లీ పట్టుచీరతో నడక. ఇక మనోరమమ్మ ఈ జన్మలో ఎక్కదు. చెబుదామంటే, చెప్పినా ఆమె దిగిపోతుంది. మధ్యాహ్నం కొంపల్లాయన వచ్చి తాళంచెవి తీసుకుంటాడు. నాయినకు చెబితే నాయిన అక్కడి నుంచే "పటేలా, అమ్మ గూసున్న దిక్కు రాస్తాంది" అని కేక పెడతాడు. మనోరమమ్మ బరువుకు బండి కుంగిందని వాకిలంతా వింటుంది. అంతకంటే ఘోరం ఇంకోటి లేదు.

పటేలు ఇంట్లో బీరువా తలుపు చప్పుడు వినిపించింది. సుచిత్ర కాళ్లు వాటంతట అవే కదిలాయి. వెళ్లి మనోరమమ్మ పక్కన వంగి ఏదో అంది.

"గట్టిగ జెప్పు బిడ్డా. నీ మాటలు నీ పండ్లె మింగుతున్నయి."

సుచిత్ర టైరు మీది పసుపును వేలితో తీసి చూపించింది. "వెనుక టైరు రాసుకుంటాందమ్మా. ఇట్లనే పోతె తెగుతది."

మనోరమమ్మ ఆ పచ్చటి వేలిని చూసింది. "మొన్న తిప్పి సూసిన్రంట గద. అప్పుడు రాయలేదా?"

"అప్పుడు పటేలు ఒక్కడే..." సుచిత్ర చూపు నేలమీదికి పోయింది.

"మరి ఈ సీట్ల ఎవ్వలు గూసోలేదా?"

"గూసోనియ్యలేదమ్మా. తువ్వాల పరిసి పెట్టిండు. నేను కాలు వెడ్తె గూడ తీయమన్నడు. ఇది మీదట. మీరు గూసున్నంకనె ఎవరన్ననట."

మనోరమమ్మ తాను కూర్చున్న సీటును, ఏడాది పాటు ఎవరూ కూర్చోని ఆ తోలును అరచేత్తో ఒకసారి నిమిరింది.  తరువాత ఆమె తలుపు తీసి, కాలు కింద పెట్టింది.

నల్లద్దాలు పెట్టుకుని నవ్వుతూ వస్తున్న పటేలు, భార్య దిగడం చూసి మెట్ల మీదే ఆగిపోయాడు. 

"ఏమైంది? ఎందుకు దిగినవ్?"

"ఏం గాలె" అంది మనోరమమ్మ తన మామూలు గొంతుతో. ఆ గొంతు నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది. "మనిషిని నిలవెట్టి కొలత దీయకుండ జాకెట్టు కుట్టిస్తరా ఎవరన్న? మీరు కుట్టిచ్చిన్రు. నేను గూసుంటె బండి నా దిక్కు కుంగుతదని లెక్క వద్దా? నేనేమన్న అగ్గిపుల్లనా?"

 ముందుగా నవ్వింది ఆమే. దాంతో అందరూ నవ్వారు. సిద్దయ్య పరుగున వచ్చి, వంగి చూసి, తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గదే పటేలా, పొరపాటయింది..."

"పొరపాటు నీది గాదు సిద్దన్నా. తువ్వాల పరిసినాయనది" అంది మనోరమమ్మ. ఆ మాట అంటూ భర్తను చూసిన చూపులో కోపం మాత్రం లేదు. "ఇంకో జత ఉన్నదంటిరి గద, ఏడున్నయి?"

"కొట్టంల ఉన్నయమ్మా" అంది సుచిత్ర. ఈసారి గట్టిగానే అంది. "అవి లోపలికుంటయి. రాయవు."

"అవ్వి మసిగిన్నెల లెక్క ఉన్నయే..." అని పటేలు గొణిగాడు.

"గిన్నెలు తోమి తోమి అరిగిన చేతులు నావి. జర చింతపండు వెట్టి తోమితె అవ్వే మెరుస్తయి. తెండ్రి!" అంది మనోరమమ్మ. మళ్లీ పంతులు గారి వైపు తిరిగింది. "రిమ్ములు మారిస్తె మళ్ల పూజ చెయ్యాల్నా అయ్యా?"

పంతులు గారి చూపు వంటింటి దిక్కు ఉంది. "పూజ బండికి జరిగింది తల్లీ, రిమ్ములకు కాదు. నిమ్మకాయలు మాత్రం మళ్లీ పెట్టండి. భోజనాలు కానివ్వండి."

భోజనాలు అయ్యాయి. సిద్దయ్య చెట్టు నీడన టైర్లు విప్పి సన్న రిమ్ములకు ఎక్కించాడు. ఆడవాళ్లు చింతపండుతో రిమ్ములు తోముతూ మనోరమమ్మ పెళ్లి ముచ్చట్లు చెప్పుకున్నారు. మసి పోయేకొద్దీ కింద వెండిలా తెల్లటి లోహం బయటపడింది. అద్దంలా మెరవలేదు గానీ, ఆ పాత బండికి దాని వయసుకు తగిన నగలు పెట్టినట్టు కుదిరింది.

నాలుగు చక్రాలూ బిగించాక సుచిత్ర పాత పసుపు తుడిచి, మడ్‌గార్డుల లోపల కొత్త పసుపు పూసింది. పొద్దున పూసింది పూజకు, ఇప్పుడు పూస్తున్నది కొలతకు. పూసేది ఒకటే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

"అమ్మా, మీరిద్దరు గూసొని జర అటు ఇటు ఊగుండ్రి" అంది.

మనోరమమ్మ ఊగింది. మామూలుగా కాదు, ఉయ్యాల ఎక్కినట్టు ఊగింది. పటేలు స్టీరింగు పట్టుకుని, "మెల్లగనే! ఇది ముసలి బండి" అన్నాడు.

"బండేనా ముసలిది?" అందామె. గోడ మీద కూర్చున్న పిల్లలు కిందపడేంత నవ్వారు.

బండి నిమ్మకాయలు తొక్కి, దిమ్మ ఎక్కి దిగింది. సుచిత్ర నేలమీద మోకాళ్లు ఆనించి నాలుగు టైర్లూ చూసింది. నల్లటి టైర్లు నల్లగానే ఉన్నాయి. తండ్రికేసి తల ఊపింది. సిద్దయ్య పటేలుకేసి చెయ్యి ఊపాడు.

బండి కదులుతుంటే మనోరమమ్మ వెనక్కి తిరిగి, "కొంపల్లాయన వస్తె బండి కట్టమీద ఉన్నదని జెప్పుండ్రి. చాయ తాగి పొమ్మనుండ్రి!" అని కేక వేసింది. ఎర్ర బండి మలుపు తిరిగి చెరువు దిక్కు పోయింది.

కొంపల్లి ఆయన వచ్చాడు, చాయ తాగాడు, వెళ్లిపోయాడు. ఎండ తగ్గింది. సిద్దయ్య పానాలు మూట కట్టుకున్నాడు గానీ, సుచిత్ర గేటు దగ్గరి నుంచి కదలలేదు. వెళ్లినవాళ్లు నడిచి వస్తారా, బండిలో వస్తారా అన్నదే ఆమె ఆలోచన. కాసేపటికి మలుపు దగ్గర లేగదూడ కళ్లలాంటి దీపాలు రెండు కనిపించాయి.

బండి గేటు ముందు ఆగింది. మనోరమమ్మ కొప్పు ఊడి గాలికి జుట్టంతా రేగిపోయింది. పటేలు నల్లద్దాలు ఆమె ముఖానికి ఉన్నాయి. సుచిత్ర అప్పటికే వెనుక చక్రం దగ్గర వంగి, మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి తడుముతోంది.

"ఏమైందే పిల్లా, అంటిందా?" అని మనోరమమ్మ దిగకుండానే అడిగింది.

"అంటలేదమ్మా!" అంది సుచిత్ర. రోడ్డు అవతల చాయబండి దగ్గరి వాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా అంది. అన్నాక తనకే సిగ్గేసి పసుపు చేతిని వెనక్కి దాచుకుంది.

మనోరమమ్మ నల్లద్దాలు సర్దుకుని, భర్త వైపు తిరిగింది.

"అంటలేదట. ఇంకో సుట్టు పోనియ్యుండ్రి."